తిరుగు ప్రయాణంలోనే బ్రేకు వేసే వ్యాను

అమలాపురం నుంచి కొత్తపేట దాకా ఎవరినైనా అడగండి, నా మాటలో సగం అక్కడికక్కడే కొట్టేసి, మిగిలిన సగాన్ని రెండు రోజులు ఎండబెట్టాక పుచ్చుకోమంటారు. గోదావరి వరదలో కొట్టుకుపోయిన నా స్క్రూడ్రైవరు ఆర్నెల్ల తర్వాత ఒక పులస కడుపులో దొరికిందనీ, దానికి తుప్పు కూడా పట్టలేదనీ నేను చెప్పినప్పటి నుంచీ వచ్చిన పేరు ఇది. గల్ఫులో పనిచేసిన రోజుల్లో ఏసీ లేని బండి ఎక్కనని మొండికేసిన ఒంటె సంగతి కూడా ఉంది కానీ, దాన్ని ఇప్పుడు ఎత్తుకోను.

వర్క్‌షాపుల్లో కొత్తగా చేరుతున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఏదైనా ఒక అనుభవం రాయమని పాత సహోద్యోగి ఒకాయన అడిగాడు. రాస్తున్నాను. ఇందులో ఒకే ఒక్క అబద్ధం ఉంది. అది వచ్చినప్పుడు నేనే చెయ్యెత్తి చూపిస్తాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మోకాళ్లు మొరాయించి ఉద్యోగం మానేయడానికి కొద్దికాలం ముందు సంగతి. గల్ఫు నుంచి తిరిగొచ్చాక అమలాపురంలో ఒక సర్వీసు సెంటర్లో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాణ్ని. నేను పని నేర్చుకున్న రోజుల్లో బండికి చెవులూ కళ్లూ ఉండేవి కావు. బ్యాటరీ, బల్బు, హారను, ఇంతే సంసారం. ఆఖరి రోజులకొచ్చేసరికి బండ్లకు చూపు వచ్చింది. ముందు బంపరు వెనక అరచేతంత నల్లటి డబ్బా ఒకటి కూర్చుంటుంది, దాన్ని రాడార్ సెన్సారు అంటారు. దారికి ఏదైనా అడ్డం ఉంటే ముందు కీచుమని అరుస్తుంది. డ్రైవరు పట్టించుకోకపోతే తానే బ్రేకు వేయిస్తుంది. విశాఖపట్నం నుంచి వచ్చిన మా కుర్ర మేనేజరు మాకు దాని గురించి బాగా అర్థమయ్యేలా చెప్పాడు. నుదుటికి టార్చిలైటు కట్టుకుని నడుస్తున్నారనుకోండి, తల నిటారుగా ఉంటే దారి కనిపిస్తుంది, తలెత్తితే చెట్టు చిటారు కనిపిస్తుంది, అన్నాడు. ఇనుమంటే దానికి ప్రాణమనీ, ఆకూ అలమూ పెద్దగా లెక్కచేయదనీ కూడా చెప్పాడు. ఆ మాటలు అప్పుడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. అవే నన్ను కాపాడాయి.

కొత్తపేట దగ్గర ఒక ఊళ్లో చర్చి వాళ్లకు అలాంటి వ్యాను ఉండేది. దాని పెత్తనమంతా స్త్రీల సమాజానిది. స్త్రీల సమాజం పెత్తనమంతా ఒక రిటైర్డు హెడ్మిస్ట్రెస్ గారిది. ఊరంతా ఆవిడను పెద్ద టీచరుగారు అంటుంది. నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పింది ఆవిడే. వారంలో రెండు మూడు సార్లు ఆ వ్యానులో పాటలు పాడే ఆడవాళ్లు, హార్మోనియం, డోలకు, అందరూ కలిసి ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు వెళ్లేవారు. మిగతా రోజుల్లో అదే వ్యాను గోదావరి లంక ఊళ్ల ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చేది.

డ్రైవరు నలభై దాటిన మనిషి. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. ఒకప్పుడు లారీ నడిపి, తాగి, ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇల్లు కూడా పోగొట్టుకోబోయేవాడే, కానీ మానేశాడు. మానేశానంటే ఊళ్లో ఒక్కరూ నమ్మని రోజుల్లో టీచరుగారు వ్యాను తాళం అతని చేతిలో పెట్టి, ఒక్కసారి నీ నోట వాసన వచ్చిందా, ఇది మళ్లీ నా చేతికొస్తుంది అన్నారట. అప్పటినుంచి అతను ఆ తాళాన్ని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. అతని భార్య కూడా పుట్టింటి నుంచి తిరిగొచ్చింది ఆ తాళం చూసే.

ఈస్టరు వెళ్లాక ఒక సాయంత్రం, కూడిక ముగించుకుని వస్తున్నారు. కాలవ గట్టు మీద ఒక ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా ఇనప ఆర్చి ఉంది. గొట్టాలు, రేకులు, పైన ఊరి పేరు, దాని కింద దాతల పేర్లు. వ్యాను ఆ ఆర్చికి కాస్త ఇవతలగా, ఎవరో తాడు పట్టి వెనక్కి లాగినట్టు ఆగిపోయింది. పాట సగంలో తెగింది. ముందు గొంతు పాడే పిన్నిగారి నుదురు ముందు సీటుకు తగిలింది, హార్మోనియం వచ్చి పిన్నిగారికి తగిలింది. దారిలో చూస్తే మేకపిల్ల కూడా లేదు.

డ్రైవరు చెప్పిన మాట ఒక్కటే. "నేను తొక్కలేదండి. వ్యానే తొక్కింది."

మందు మానేసిన డ్రైవరు నోట్లోంచి ఇంతకన్నా నమ్మడానికి వీల్లేని మాట రాదు. నా కోతల పక్కన నిలబెట్టదగ్గ మాట. అయినా మొదటిసారికి ఊరుకున్నారు. రెండోసారి ఇంకో ఊళ్లో, రోడ్డుకు అడ్డంగా ఫ్లెక్సీ కట్టిన ఇనప చట్రం దగ్గర ఆగింది. వెనకే వస్తున్న స్కూటరాయన గుద్దుకుని పడ్డాడు. మోకాలు గీరుకుపోయింది, అంతే. ఆ వచ్చేది స్కూటరు కాకుండా బస్సయితే ఏమయ్యేదో అని టీచరుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

అప్పుడు ఆడవాళ్లంతా కూర్చుని లెక్క తీశారు. వెళ్లేటప్పుడు ఎప్పుడైనా ఆగిందా? లేదు. వచ్చేటప్పుడే ఆగుతోంది. మనం లోపల ప్రార్థనలో ఉన్నంతసేపూ అతను ఎక్కడుంటున్నాడు? బయట. ఒక్కడే. బయట ఒక్కడే ఉన్న మగవాడు ఏం చేస్తాడు? టీచరుగారు లెక్కల మనిషి కదా, జవాబు దానంతటదే వచ్చేసింది. నోట వాసన రాకపోతేనేం, యాలకులు నమిలి ఉంటాడని ఒక పిన్నిగారు అన్నారట. ఆగే ముందు వ్యాను కీచుమని అరిచిందని డ్రైవరు అన్నాడు కానీ, పాట పాడుతున్న అంతమంది ఆడవాళ్ల మధ్య ఆ కీచు ఎవరికి వినపడుతుంది?

అయినా ఆవిడ న్యాయం తెలిసిన మనిషి. తాళం లాక్కునే ముందు ఒకసారి బండిని చూపిద్దామని మా సెంటరుకు పంపారు.

మా దగ్గరున్న కంప్యూటరు తగిలించి చూశాం. ఏ లోపమూ లేదంది. మేనేజరు స్వయంగా బైపాసు మీద రెండు చక్కర్లు కొట్టి వచ్చాడు. వెన్నలా నడిచింది. లోపం కనపడనిదాన్ని ఎలా బాగుచేస్తామండి అని తల గోక్కున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. కింద పడుకుని బంపరు సందులోంచి టార్చి వేసి చూశాను. సెన్సారు ముందు బురద, దాని మీద ఒక సాలీడు గూడు. దొరికింది దొంగ అనుకున్నాను. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, టీచరుగారికి ఫోను చేసి, బ్రేకు వేస్తున్నది ఒక సాలీడనీ, దాన్ని బదిలీ చేసేశాననీ, ఇక ఈ వ్యాను ఆగమన్నా ఆగదనీ చెప్పాను.

జీవితంలో మొదటిసారి ఆవిడ నా మాట నమ్మారు.

తర్వాతి కూడిక నుంచి వస్తుంటే వ్యాను మళ్లీ ఆ ఇనప ఆర్చి దగ్గరే ఆగింది. బండి బాగుపడిందని మెకానిక్కే చెప్పాక ఇక మిగిలింది ఎవరు? అక్కడే, రోడ్డు పక్కన, టీచరుగారు చెయ్యి చాపారు. అతను మొలతాడు తెంపి, ఆ తాడు ముక్కతో సహా తాళం ఇచ్చేశాడు. ఆ రోజు అందరూ ఆటోల్లో ఇళ్లకు వెళ్లారు.

రెండు రోజుల తర్వాత అతను మా సెంటరుకు వచ్చాడు. పోట్లాటకే వచ్చాడనుకుని నేను పెద్ద స్పానరు ఒకటి దగ్గర పెట్టుకున్నాను. అతను మాత్రం, టీ తాగుదాం రండి అన్నగారూ, అన్నాడు. ఎదురుగా కాలవ వంతెన పక్కన టీ కొట్టు. గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు.

"ఇంటికెళ్తే మా ఆవిడ దగ్గరికొచ్చి నుంచుంటందండి. ఏం అనదు. నోరు వాసన చూసి లోపలికెళ్లిపోద్ది."

ఏం చెప్పాలో తోచనప్పుడు మెకానిక్కులు సలహా ఇస్తారు, నేనూ ఇచ్చాను. డాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి ఉందయ్యా, అది నొక్కితే ఆ సెన్సారు పడుకుంటుంది, బండి స్టార్టు చేసినప్పుడల్లా మళ్లీ లేస్తుంది కానీ, రోజూ నొక్కుకుంటే సరిపోయేది కదా అన్నాను.

"తెలుసండి," అన్నాడు. "నొక్కితే ఇంక ఆగదు. ఆగకపోతే ఏవంటారండి? వీడు మళ్లీ మానేసేడంటారు. అంటే మధ్యలో తాగేడనే కదండి."

పిల్లలూ, ఇది మీరు ఏ పుస్తకంలోనూ చదవరు. మనం బండి బాగుచేస్తున్నామనుకుంటాం. ఒక్కోసారి బండి బాగుపడితే సరిపోదు. అతని మీద పడ్డ మాట పోవాలంటే ఆ వ్యాను ఇంకోసారి ఆగాలి, అందరూ చూస్తుండగా ఆగాలి, అతను స్టీరింగు ముట్టుకోకుండా ఆగాలి. అది తెలుసు కానీ ఎందుకు ఆగుతోందో నాకే తెలియదు.

నేను అలా వంతెన వైపు చూస్తూ కూర్చున్నాను. కొబ్బరికాయలు నెత్తిదాకా వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి వంతెన ఎక్కుతోంది. సగం ఎక్కేసరికి ముందు చక్రం గాల్లోకి లేచింది. మనకిది రోజూ చూసే తమాషాయే కదా. ఎవరో ఇద్దరు పరుగెత్తుకెళ్లి ముందు వైపు కూర్చున్నారు, చక్రం దిగింది, ఆటో వెళ్లిపోయింది. నా చేతిలో టీ గ్లాసు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. వెనక బరువు పడితే ముందు లేస్తుంది. తలెత్తితే చెట్టు చిటారు కనిపిస్తుంది. ఇనుమంటే దానికి ప్రాణం. ఇనప ఆర్చి, ఇనప చట్రం, రెండూ ఉన్నది నెత్తి మీద.

కూడిక నుంచి వచ్చేటప్పుడు వ్యాను వెనక ఏమైనా వేస్తారా అని అడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు. "అదేంటండి అన్నగారూ. కూడిక పెట్టుకున్నోళ్లు ఉత్తి చేతుల్తో పంపుతారేంటండి? కాయల బస్తాలు, గెలలు. ఇప్పుడైతే పనసకాయలు కూడానండి."

నేను వెళ్లి మేనేజరుకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. గోడకు ఆనుకుని ఆలోచించి, బరువు ఒక్కటే అయితే చాలదండి, మిగతా వ్యాన్లూ బరువులు మోస్తున్నాయి కదా, ఈ సెన్సారు ముందే కాస్త పైకి చూస్తూ ఉండాలి, దానికి తోడు వెనక బరువు పడితే మీరన్నది జరుగుతుంది, అన్నాడు. బంపరు విప్పి చూద్దాం, తెప్పించండి అన్నాడు. ఇప్పుడే విప్పకూడదన్నాను. ఎందుకో చెప్పాను. కుర్రవాడైనా మనసున్నవాడు. అయితే నేను మోటారుసైకిలు మీద వెనకాల వస్తాను, వచ్చే బండ్లను దూరంగా ఆపుతాను, అన్నాడు.

మిగిలింది టీచరుగారు. మా పథకంలో కష్టమైన భాగం అదే.

నేను వెళ్లేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ట్యూషను పిల్లల నోట్సులు దిద్దుతున్నారు. నేను నిలబడే చెప్పాను. కొబ్బరికాయలు వెనక వేయడం వల్ల వ్యాను తలెత్తి, ఆర్చిని చూసి, అడ్డం వచ్చిందనుకుని బ్రేకు వేస్తోందని. చెబుతుంటే నాకే అనిపించింది, స్క్రూడ్రైవరు మింగిన పులస దీనికన్నా నమ్మకంగా ఉందని.

ఆవిడ కళ్లద్దాలు తీశారు. "ఏరా, నీ హోంవర్కు గేదె తినేసిందన్నావు, గుర్తుందా? గేదెని చూద్దావని మీ ఇంటిదాకా వచ్చేను. మీకు గేదే లేదు."

గుర్తుందండి అన్నాను.

"మొన్న సాలీడన్నావు. ఇప్పుడు కొబ్బరికాయలంటున్నావు."

ఈసారి నా మాట నమ్మవద్దండి, వచ్చి కళ్లతో చూడండి అన్నాను. ఎప్పటిలా కూడికకు వెళ్దాం, ఎప్పటిలా వద్దాం, డ్రైవరు మాత్రం వెనక సీట్లో కూర్చుంటాడు, బండి నేను నడుపుతాను అన్నాను. నువ్వయితే నువ్వే తొక్కేసి వ్యాను తొక్కిందంటావు అన్నారు. అందులో న్యాయం ఉంది. మరి అబద్ధం ఆడని మనిషి, లైసెన్సు ఉన్న మనిషి ఎవరు? ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పాస్టరుగారు.

ఒప్పందం కుదిరింది. వ్యాను దానంతటది ఆగితే డ్రైవరు తాళం డ్రైవరుకు. ఆగకపోతే క్రిస్మసు దాకా నేను ఒక్క కోత కూడా కోయకూడదు. మీకు చిన్న పందెంలా కనిపించవచ్చు. అప్పటికి ఎండాకాలం ఇంకా సగం కూడా కాలేదు.

ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పాస్టరుగారు బండి ఎక్కి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. అది ఎంత పొడుగు సాగిందంటే మేనేజరు వెనకాల మోటారుసైకిలు ఆపేసి కిందికి దిగాడు. సీటుబెల్టులు పెట్టుకోమంటే పిన్నిగార్లు చీరలు నలుగుతాయన్నారు. టీచరుగారు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశారు, అన్నీ టకటకా పడ్డాయి. డ్రైవరు ఆఖరి సీటు మూలన, తన బండిలో తాను చుట్టంలా కూర్చున్నాడు.

వెళ్లేటప్పుడు ఆర్చి కింద నుంచి వ్యాను ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. పిన్నిగార్లు అందరూ తలలు తిప్పి నా వైపు చూశారు. నేను కిటికీలోంచి వరి చేల వైపు చూశాను.

కూడిక అయింది. గారెలు, టీ అయ్యాయి. అప్పుడు ఆ ఇంటివాళ్లు మర్యాద మొదలుపెట్టారు. రెండు బస్తాల కొబ్బరికాయలు, ఒక చక్రకేళి గెల, వెనక తలుపు తీసి వేశారు. నాకు చాలదేమోనని భయం పట్టుకుంది. ఇంకో బస్తా ఉంటే పడేయండి అన్నాను. ఆ ఇంటి ఇల్లాలు మొహమాటపడి ఇంకో బస్తా తెప్పించింది. పనసకాయలు లేవా అండీ అని అడిగాను. ఇంత ఆశపోతు మనిషిని సంఘం వాళ్లు ఎక్కడినుంచి తెచ్చారా అన్నట్టు చూసి, రెండు పనసకాయలు దింపించింది. టీచరుగారు సిగ్గుతో గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వ్యాను వెనక భాగం చక్కగా కుంగింది. దూరంగా నిలబడి చూస్తే దాని మూతి ఆకాశం వైపు ఉంది. నాకు అంత అందమైన బండి ఇంకోటి కనపడలేదు.

ఇక ఒక్క కోరిక మిగిలింది. దారిలో ఎవరూ పాడకూడదని. అది విన్నాక పెద్ద గొడవే అయింది. ఆ దారిలో పాట లేకుండా తాము ఏనాడూ రాలేదని ముందు గొంతు పిన్నిగారు అన్నారు. మనసులో పాడుకోండమ్మా, దేవుడికి వినపడుతుంది అని పాస్టరుగారే సర్ది చెప్పారు.

నిశ్శబ్దంగా బయలుదేరాం. అంతమంది ఆడవాళ్లు మాట్లాడకుండా కూర్చుంటే బండి ఎంత బరువుగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. కాలవ గట్టు ఎక్కాం. గట్టు మీద కొబ్బరి నీడలు ఒకదాని తర్వాత ఒకటి బండి మీదుగా వెళ్తున్నాయి. దూరంగా ఆర్చి కనపడింది. నేను వెనక్కి తిరిగి డ్రైవరును చూశాను. వెనక జారుతున్న అరటి గెలను ఒడిలో పెట్టుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. బ్రేకు కోసం ప్రార్థన చేసిన డ్రైవరును నేను అతన్ని ఒక్కణ్నే చూశాను.

ఆర్చి దగ్గరపడుతోంది. ఏమీ లేదు. ఇంకా దగ్గరపడింది. ఏమీ లేదు. క్రిస్మసు దాకా నోరు మూసుకోవడం ఎలాగా అని నేను లెక్క వేసుకుంటున్నాను.

కీచుమంది.

ఈసారి అందరికీ వినపడింది. స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలిగింది, పాస్టరుగారు ఇదేమిటి అనేలోపు వ్యాను ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. బెల్టులు బిగుసుకున్నాయి. వెనక బస్తా మూతి ఊడి కొబ్బరికాయలు సీట్ల కింద నుంచి దొర్లుకుంటూ ముందుకొచ్చి, టీచరుగారి చెప్పుల దగ్గర ఆగాయి.

పాస్టరుగారు మెల్లగా రెండు కాళ్లూ పైకెత్తి టీచరుగారికి చూపించారు.

"నేను తొక్కలేదండి," అన్నారు. "వ్యానే తొక్కింది."

అచ్చం అవే మాటలు. అందరికీ తెలిసిన మాటలు. టీచరుగారు కాసేపు ఆ కాళ్ల వైపు చూశారు. తర్వాత ఆయన మొహం వైపు చూసి, క్లాసులో అడిగినట్టే అడిగారు.

"అయ్యగారూ, తమరేవైనా పుచ్చుకున్నారా?"

ముందు నవ్వింది పాస్టరుగారే. తర్వాత వ్యాను మొత్తం నవ్వింది. ముందు గొంతు పిన్నిగారు నవ్వలేక బెల్టు విప్పేసుకున్నారు. నవ్వనిది ఇద్దరే. డ్రైవరు కిందికి వంగి కొబ్బరికాయలు ఒక్కొక్కటే ఏరి బస్తాలో వేస్తున్నాడు, మొహం ఎవరికీ కనపడకుండా. టీచరుగారు బండి దిగి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి, తలుపు తీశారు. బ్యాగులోంచి తాళం కట్టిన మొలతాడు ముక్క తీశారు. దాన్ని అంతకాలమూ అలాగే దాచి ఉంచారన్నమాట. ఇంజను తాళం పాస్టరుగారి కోసం విప్పేశారు కాబట్టి దానికి మిగిలింది వెనక తలుపు తాళమే, అయినా దాన్నే అతని చేతిలో పెట్టారు.

"దిగు నాయనా. వచ్చి నడుపు. పొద్దు పోతోంది."

అతను "ఆయ్" అన్నాడు. బస్తా మూతి కట్టేసి, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ పూటకు స్విచ్చి నొక్కి సెన్సారును నిద్రపుచ్చాను. ఆర్చి దాటుతుండగానే పాట మొదలైంది. అంతసేపు ఆపుకున్న పాట కదా, గోదావరికి అవతల కపిలేశ్వరపురం దాకా వినపడి ఉంటుంది. ఇది నేను ముందుగా చెప్పిన అబద్ధం కాదు, కాస్త పొడిగింపు మాత్రమే.

మర్నాడు సర్వీసు సెంటర్లో బంపరు విప్పాం. టీచరుగారు కళ్లతో చూడాలని తానే వచ్చారు. డ్రైవరు పక్కన నిలబడ్డాడు. మేనేజరన్నట్టే, సెన్సారు బిగించిన ఇనప రేకు పైకి వంగి ఉంది. దాని చుట్టూ బైండింగు వైరు, మేస్త్రీలు ఇనప చువ్వలు కట్టే వైరు, మెలితిప్పి బిగించి ఉంది. ఆ వైరులో చిక్కుకుని ఎండిపోయిన కొబ్బరి ఆకు ముక్కలు. సాలీడు దొరికిన రోజు సందులోంచి నా టార్చికి సెన్సారు ముందు వైపే కనపడింది, వెనకున్న ఈ రేకు కనపడలేదు.

ఈస్టరు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు కొబ్బరి మట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరేగింపుగా వెళ్తారు కదా. ఆ ఏడు వ్యాను కొత్తగా ఉంది కాబట్టి, దాన్ని ముందు నడిపించారు. దాని మూతికి పెద్ద పెద్ద మట్టలు పందిరిలా నిలబెట్టి కట్టారు. సందులోంచి చెయ్యి పెట్టి చూస్తే లోపల గట్టిగా కనపడింది ఆ రేకే, వైరు దానికే చుట్టేశారు. గాలికి మట్టలు ఊగినప్పుడల్లా రేకు తల పైకెత్తింది. ఊరేగింపు అయ్యాక మట్టలు కోసేశారు, లోపలి వైరు సంగతి ఎవరికీ గుర్తులేదు.

మట్టలు జారుతున్నాయి, ఇంకా గట్టిగా బిగించండి అని దగ్గరుండి కట్టించింది ఎవరో నాకు అప్పుడు తెలియదు. టీచరుగారి మొహం చూశాక తెలిసింది. కట్టించింది ఎవరో డ్రైవరుకు ముందే తెలుసు, ఆ రోజు అతను అక్కడే ఉన్నాడు. అతను మాత్రం వైరు వంక చూడకుండా, పైన తిరుగుతున్న పంకా వంక చూస్తూ నిలబడ్డాడు. టీచరుగారు ఆ వైరు ముక్క అడిగి తీసుకుని, రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నారు. మేనేజరు రేకు మార్పించి, సెన్సారు చూపును కొలిచి సరిచేశాడు. ఆ తర్వాత ఎన్ని కాయలు వేసినా వ్యాను ఆర్చి జోలికి పోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట ఆడవాళ్లంతా నన్ను చుట్టుముట్టారు. అసలు కారణం ఏమిటని. టీచరుగారు రెండడుగులు ముందుకొచ్చారు. చెప్పేయడానికే వస్తున్నారని ఆవిడ నడకలోనే తెలిసిపోయింది. ఆవిడ నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను.

ఇదిగో, చెయ్యెత్తుతున్నాను. అబద్ధం ఇదే.

ఒక పందికొక్కు బంపరులో దూరి, సెన్సారు రేకును ఊయలగా వాడుకుందనీ, పిల్లలు పుట్టాక సంసారం బరువై ఆ రేకు వంగిపోయిందనీ చెప్పాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనుమానపడలేదు. ముందు గొంతు పిన్నిగారైతే ఆ పందికొక్కును తాను రెండుసార్లు చూశానని, దాని తోక తెగి ఉంటుందని కూడా చెప్పారు. కొబ్బరికాయల నిజాన్ని నమ్మించడానికి పాస్టరుగారినీ మూడు బస్తాలనూ ఊరంతటినీ కదిలించాల్సి వచ్చింది. పందికొక్కుకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

అందరూ వెళ్లాక టీచరుగారు గొడుగు మీద ఆనుకుని నిలబడ్డారు.

"ఏరా. పందికొక్కా?"

"గేదె కన్నా నయం కదండీ," అన్నాను. "మన ఊళ్లో పందికొక్కులున్నాయి."

ఆవిడ నవ్వేశారు. ఆవిడ దగ్గర చదువుకున్న ఎవరిని అడిగినా చెబుతారు, అది ఎంత అరుదైన సంగతో.

డ్రైవరు ఇప్పటికీ ఆ వ్యానే నడుపుతున్నాడు. ఆ మధ్య కనిపిస్తే ఇంట్లో ఎలా ఉందని అడిగాను. మా ఆవిడ వాసన చూడ్డం మానేసిందండి, అంత దగ్గరికొచ్చి నుంచోడం కూడా మానేసింది, అదొక్కటే నష్టమండి అన్నాడు. అతను ఆ మాట అన్నాక ఇద్దరం రెండో టీ చెప్పుకున్నాం.

మరుసటి ఏడు మట్టల ఆదివారానికి నేను కావాలనే వెళ్లాను. టీచరుగారు తెల్లవారే వచ్చి, అరటి నార తడిపి తెచ్చుకుని, మట్టలను తన చేత్తోనే వ్యాను పైనున్న కమ్మీలకు కడుతున్నారు. ముందు వైపు చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. ఎవరో వైరు తెస్తే పుచ్చుకుని బ్యాగులో పడేసుకున్నారు. డ్రైవరు స్టీరింగు ముందు తెల్ల చొక్కాలో కూర్చుని ఉన్నాడు.

ఈ సంగతి రాయాలనుకున్నప్పుడు ఆవిడ దగ్గరికే వెళ్లాను. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయననీ, పందికొక్కునే ఉంచేస్తాననీ చెప్పాను. ఆవిడ దిద్దుతున్న నోట్సు మూసేశారు.

"వద్దులే. ఉన్నదున్నట్టు రాసేయ్," అన్నారు. "రాసేది నువ్వు కదా. ఎవరూ నమ్మరు."